థాయ్‌లాండ్ మొక్కు

ముందు ఆయన వీపు. ఏడు శనివారాల నుంచీ ఇదే వీపు. తెల్ల లాల్చీ మెడ దగ్గర తడిసి ఒంటికి అతుక్కుపోయింది, భుజం మీద కండువా జారుతోంది, జారిన ప్రతిసారీ సర్దుకుంటాడు, ఎవరైనా గోవిందా అని అందుకుంటే అందరూ అనేసి ఊరుకున్నాక తనొక్కడే గట్టిగా గోవిందా అంటాడు. వాడపల్లి వెంకన్న గుడి చుట్టూ ఇంత జనం తిరుగుతుంటే ఆ ఒక్క గొంతే వచ్చి నా చెవికి తగులుతుంది. పదకొండు కాకుండానే నేల కాలిపోతోంది, గుడివాళ్ళు గొట్టంతో నీళ్ళు కొడుతున్నారు, కొట్టిన నీళ్ళు అడుగు తీసి అడుగు వేసేలోపే ఆరిపోతున్నాయి. ఇది మొదటి చుట్టు. ఏడు తిరగాలి. ఏడూ అయ్యేలోపు నేను ఒక మాట చెప్పాలట, మళ్ళీ కువైట్ వెళ్తానా వెళ్ళనా. కొత్తపేటలో ఏజెంటు గోపీకృష్ణ కాగితాలు పట్టుకుని కూర్చున్నాడట, పన్నెండున్నర దాటితే అమలాపురం వెళ్ళిపోతాడట, ఈలోగా వెళ్ళి సంతకం పెడితే నెల తిరక్కుండా వీసా వచ్చేస్తుందట. ఈ సంగతి నాకు తెలిసింది ఇవాళ పొద్దున్న, రావులపాలెంలో ఆటో మారుతున్నప్పుడు. "గోపీకృష్ణగారితో మాట్లాడేనే. రెండేళ్ళే. ఇంట్లో ముగ్గురే మనుషులంట, పని తేలికంట. ఆలోచించుకో, ప్రదక్షిణాలయ్యేక చెబుదువుగాని," అన్నాడు. అనేసి, వెనక నా పక్కన చోటుండగానే వెళ్ళి డ్రైవరు పక్కన కూర్చున్నాడు. ఆలోచించుకోవడానికి మొగుడు నాకు గుడి చుట్టూ ఏడు చుట్లు ఇచ్చాడన్నమాట. మహారాజు.

ఎవరో ముసలావిడ నా మోచెయ్యి పట్టుకుని నడుస్తోంది, నన్ను తన కోడలనుకుందో ఏమో, పట్టుకోనీ. పదకొండేళ్ళు. పదకొండేళ్ళు కువైట్‌లో ఒకే ఇల్లు, నాలుగంతస్తులు, ఇంటావిడని మామా అనాలి, అంటే అమ్మ, ఇంటాయన్ని బాబా అనాలి, నాకంటే చిన్నవాళ్ళిద్దరూ. బట్టలు ఆరేయడానికి మేడ మీదికి వెళ్ళినప్పుడు కనిపించేది ఆకాశం, పక్కింటి నీళ్ళ ట్యాంకులు, ఇంకో మేడ మీద నాలాగే బట్టలు ఆరేస్తున్న ఇంకో ఊరి ఆడమనిషి. సముద్రం పక్కనే ఉండేది, గాలి అటు తిరిగితే వాసన తెలిసేది, చూసింది మాత్రం ఒక్కసారి, కారు వెనక సీట్లో వాళ్ళ పిల్ల వాంతి చేసుకుంటే తుడుస్తూ తల ఎత్తినప్పుడు. ఆ సంగతి ఆ రాత్రి ఫోనులో ఆయనకి చెప్పి ఏడ్చాను. "సముద్రం చూసేవన్నమాట. ఎలాగుందే?" అన్నాడు. ఎలాగుంటుంది, నీళ్ళలా ఉంది. అప్పుడే తెలుసుకోవాల్సింది నేను. ఈయనకి నేను అక్కడ గిన్నెలు తోముతున్నట్టు లేదు, ఫారిన్ చూస్తున్నట్టుంది, తనని ఇంట్లో వదిలేసి నేనొక్కదాన్నే షికారు పోయినట్టుంది.

కిందటి దసరాకి పూర్తిగా వచ్చేశాను. మా అమ్మాయి ప్రసన్న కాకినాడలో చదువుకుంటోంది, విమానాశ్రయానికి ఎదురొచ్చి నా చేతిలో సంచి తీసుకుని "బాగున్నారా అమ్మా" అంది. మీరు అంది కన్నకూతురు. అక్కడే కూలబడిపోవాల్సింది, కూలబడకుండా నవ్వాను, నవ్వడం బాగా నేర్పారు నాకు. ముక్తేశ్వరంలో ఆ ఇల్లు నేను పంపిన డబ్బుతో లేచింది, గోడల రంగు నేను ఫోనులో చూసి ఎంచింది, తీరా వంటింట్లోకి వెళ్తే ఉప్పు ఎక్కడుందో తెలియదు. నేను లేని ఇన్నేళ్ళలో ఆయన వంట నేర్చుకున్నాడు, బాగా నేర్చుకున్నాడు, చింతచిగురు రొయ్యలు నాకంటే బాగా వండుతాడు, ఆ మాట ఒప్పుకోవడానికి నాకు ఒళ్ళు మండుతుంది కాని నిజం. డబ్బాలన్నీ తన చేతికందేలా పేర్చుకున్నాడు. నేను కారం డబ్బా తీసి పొయ్యి పక్కన పెడితే సాయంత్రానికి మళ్ళీ పై అరలో ఉంటుంది. నేను మళ్ళీ దింపుతాను, మళ్ళీ ఎక్కుతుంది. "నువ్వు కూచోవే, అలిసిపోయొచ్చేవు," అంటాడు, వీధిలోకి వినబడేలా. వాళ్ళక్క సరోజిని వదినైతే నా బుగ్గ గిల్లి, పెట్టిపుట్టావే అమ్మాజీ, అంది. కూర్చుంటాను. నేను టీవీ ముందు కూర్చుంటే ఆయన వంటింట్లో ఉంటాడు, నేను వంటింట్లోకి వెళ్తే ఆయన అరుగు మీదికి పోతాడు, నేను అరుగు మీదికి వెళ్ళానా, తోటలో ఏదో పని గుర్తుకొస్తుంది. మూడు నెలలు ఇదే మా కాపురం. ఒకే మంచం మీద ఆ చివర ఆయన, ఈ చివర నేను, మధ్యలో ఇంకో మనిషి పట్టేంత చోటు.

గోవిందా. గోవిందా. ఆ, ఇదిగో, ఒక్కడే, గోవిందా. నవ్వొస్తోంది నాకు, గుళ్ళో నవ్వకూడదు. ముందు కొత్తగా పెళ్ళైన జంట వెళ్తోంది, ఆ పిల్ల చేతులకి ఇంకా గాజుల నిండుదనం పోలేదు, ఆ కుర్రాడు జనం తోసినప్పుడల్లా పిల్ల నడుము మీద చెయ్యి వేస్తున్నాడు, తీస్తున్నాడు, మళ్ళీ వేస్తున్నాడు. తియ్యకురా నాయనా. ఉంచు ఆ చెయ్యి. ఏ ఏజెంటు ఏ కాగితం తెస్తాడో. నాకు ఆ పిల్ల మీద కోపం వస్తోంది, ఏం పాపం చేసిందని, ఊరికే వస్తోంది, ఈమధ్య నాకు కోపానికి కారణం అక్కర్లేదు, పొద్దున్నే లేచేసరికి అది నాకంటే ముందే లేచి కూర్చుంటోంది.

ఆ థాయ్‌లాండ్ కూడా ఇలాగే, నన్ను అడక్కుండానే. ఒక సాయంత్రం ఫోను తెచ్చి నా మొహం ముందు పెట్టాడు, అందులో ఎవరో కుర్ర జంట, వీపులకి పెద్ద పెద్ద సంచులు తగిలించుకుని, ఎక్కడో కొండ మీద గెంతుతున్నారు. "చూసేవా? ఖర్చు లేకుండా దేశాలు తిరిగేస్తన్నారు. మన పెళ్ళై ఇరవై ఏళ్ళవుతుంది కదే, ఒక్క చోటికైనా వెళ్ళేమా? థాయ్‌లాండుకి వీసా కూడా అక్కర్లేదంట." నాకు విమానం వాసన తలుచుకుంటేనే కడుపులో తిప్పుతుందండీ అన్నాను. అన్నవరం తీసుకెళ్ళండి చాలు అన్నాను. "నీకేటే, నీకు ఫారిన్ కొట్టిన పిండి. నేనే చూళ్ళేదు." ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతులో ఏదో ఉంది, అలక లాంటిది. ఇరవై ఏళ్ళలో నాతో అలగడం అదే మొదలు, అది చూసి నేను మెత్తబడ్డాను, నా బుద్ధి గడ్డి తిని మెత్తబడ్డాను. రాజమండ్రి వెళ్ళి రెండు వీపు సంచులు కొనుక్కొచ్చాడు, తనకి నీలం, నాకు గులాబీ. నలభై ఆరేళ్ళ మనిషి, లుంగీ తప్ప ఎరగని మనిషి, మోకాళ్ళ పైకుండే లాగు వేసుకుని అద్దంలో చూసుకున్నాడు. "హనీమూనా మంగరాజూ" అని వీధిలో వాళ్ళు ఏడిపిస్తే సిగ్గుపడ్డాడు. నిజంగా సిగ్గుపడ్డాడు, చెవులు ఎర్రబడ్డాయి. అది కాదనను.

ముసలావిడ మోచెయ్యి వదిలేసింది. "ఎన్నోదండీ మీది?" అంటోంది. మూడోదండీ అన్నాను. ముందునుంచి ఆయన వెనక్కి తిరిగి, "నాలుగోది," అన్నాడు. మూడోదే. రెండో చుట్టులో ధ్వజస్తంభం దగ్గర జనం ఆగిపోయారు, అక్కడ ఆయన ఒకటి కలిపేసుకున్నాడు. కలుపుకోనీ. ఎంత తొందరో సంతకానికి.

విమానం దిగీ దిగగానే అక్కడి కౌంటరు. అద్దం వెనక ఖాకీ బట్టలాయన, నా పాస్‌పోర్టు తిరగేస్తున్నాడు, అందులో పేజీలన్నీ కువైట్ ముద్రలే, తిప్పి తిప్పి తలెత్తి ఏదో అడిగాడు. ఏం అడిగాడో నాకు అర్థం కాలేదు. కాని పదకొండేళ్ళుగా ఏ అద్దం వెనక ఏ మనిషి ఏ భాషలో అడిగినా నేను చెప్పిన జవాబు ఒక్కటే. మొదటిసారి పంపినప్పుడు ఏజెంటు బట్టీ పట్టించాడు, అడగ్గానే నవ్వుతూ చెప్పమ్మా, ఇంకేం మాట్లాడకు అని. నవ్వుతూ చెప్పాను. హౌస్‌మెయిడ్ సర్, వెరీ గుడ్ హౌస్‌మెయిడ్. చెప్పి, ఇంకా నవ్వుతూనే ఉన్నాను. పక్క కౌంటరులో ఈయన తన కాగితం చూపిస్తూ టూరిస్ట్, టూరిస్ట్ అని రెండు చేతులతో గాల్లో విమానం ఎగరేస్తున్నాడు. మమ్మల్నిద్దర్నీ ఒక గదిలో కూర్చోబెట్టారు. చలి. ఒక ఆడమనిషి వచ్చి నా సంచి విప్పి నా బట్టలన్నీ బల్ల మీద పరిచింది, లోపలివి కూడా, ఆయన చూస్తుండగా, ఆయన మొహం తిప్పుకున్నాడు, పెళ్ళాం బట్టలు ఎరగనట్టు. "కొంప ముంచేవు కదే. పనిమనిషినని ఎవరు చెప్పమన్నారే నిన్ను?" అన్నాడు. ఎవరు చెప్పమన్నారు. ఆ ప్రశ్న ఇంకా నా నోట్లోనే ఉంది, మింగలేదు, ఉమ్మలేదు. అప్పుడు మొక్కుకున్నాడు. ఆ చలి గదిలో, ఆ ఆడమనిషి నా లంగా మడత విప్పుతుండగా, కళ్ళు మూసుకుని, చేతులు జోడించి, పైకి వినబడేలా. "వాడపల్లి వెంకన్న బాబూ, గట్టెక్కించు, దంపతులుగా ఏడు శనివారాలొచ్చి నీ చుట్టూ తిరుగుతాం." తిరుగుతాం అన్నాడు. నన్ను అడగలేదు. స్వామీ, నువ్వైనా అడగాల్సింది కదా, ఆవిడ ఒప్పుకుందా అని. గంట తర్వాత తిరుగు టికెట్టు చూసి వదిలేశారు, ఈయనేమో వెంకన్నే వదిలించాడన్నాడు.

కాళ్ళు కాలుతున్నాయి. నీళ్ళ గొట్టం కుర్రాడెక్కడో. మా ముందున్న జంట కూడా జనంలో ఎటో కలిసిపోయింది. అక్కడ థాయ్‌లాండులో కాళ్ళు కాల్లేదు, ఇసక చల్లగా ఉండేది, పొద్దున్నే ఐదింటికి సముద్రం ఒడ్డు ఊడ్చేటప్పుడు చెప్పుల్లేకుండా నడిచేదాన్ని. ఊడ్చేటప్పుడు. చూడండి, ఎంత మామూలుగా అనేశాను. ఆ ఊళ్ళో దిగేసరికి కొబ్బరి చెట్లు. కోనసీమనుంచి విమానమెక్కి కొబ్బరి చెట్ల దగ్గర దిగాం. బొండం కొట్టే మనిషిని చూసి ఈయన, కత్తి అలా పట్టుకోకూడదని నేర్పబోయాడు. బస చేసింది హాస్టల్, పిల్లలు చదువుకునేది కాదు, సంచులోళ్ళు పడుకునేది. ఒక గదిలో ఎనిమిది పడకలు, రైల్లో లాగా కింద ఒకటి పైన ఒకటి, ఆడామగా అందరూ అందులోనే. కింద పడక నాది, పైది ఆయనది. ఇరవై ఏళ్ళ పెళ్ళి పండగ. ఆయన అటు తిరిగితే ఇనుము మూలిగేది, ఇటు తిరిగితే మూలిగేది, నేను పడుకుని ఆయన బరువుకి కిందికి వంగిన పరుపుని చూసేదాన్ని, పరుపులో కూడా ఆయన వీపే కనబడేది.

రెండో రోజు సాయంత్రం మొహం వెలిగించుకుని వచ్చాడు. గోడ మీద కాగితం ఉందట, పొద్దున్నే మూడు గంటలు పని చేసినవాళ్ళకి పడక ఊరికే ఇస్తారట, అక్కడ చాలామంది కుర్రాళ్ళు అలాగే చేసి నెలలు నెలలు తిరుగుతారట. "నువ్వొద్దనవని ఒప్పేసుకున్నానే. నీకు ఇదో లెక్కా? మూడు రోజుల అద్దె కలిసొస్తాది, ఇంకో దీవి చూడొచ్చు." నువ్వొద్దనవని. ఆ మాట విని నేను ఏమన్నాను? ఏమీ అనలేదు. అది తలుచుకుంటే ఆయన మీద కంటే నా మీద ఎక్కువ మండుతుంది. మర్నాడు పొద్దున్న ఆయన కూడా వచ్చాడు, చీపురు పట్టుకున్నాడు, ఫోటో తీయించుకున్నాడు, అరగంటకి నడుం పట్టేసిందని వెళ్ళి ఉయ్యాల మంచంలో పడుకున్నాడు. నేను పక్కబట్టలు మార్చాను. ఎనిమిది పడకలు, తర్వాత పక్క గదిలో ఎనిమిది, మరుగుదొడ్లు, వంటగది. ఒక కుర్రాడి పడకలోంచి ఇసక దులుపుతున్నప్పుడు అనుకున్నాను, ఇది నా హనీమూన్ అని. గట్టిగా అనుకున్నాను, తెలుగులో, పైకే, ఎవరికి అర్థమవుతుంది. పనిలో మూడో రోజు ఆయన మోటారు పడవెక్కి దీవి చూసొచ్చాడు, పడవ పొద్దున్నే బయల్దేరుతుంది, నాకు అప్పుడు పని. వచ్చి ఫోనులో చూపించాడు. నీళ్ళు అద్దంలా ఉన్నాయి, కింద చేపలు కనబడుతున్నాయి, "నువ్వు చూస్తే ఎంత సంతోషించేదానివో" అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే అన్నాడు. వెటకారమైతే ఆ ఫోను సముద్రంలోకి విసిరేసి ఉందును.

ఇది ఎన్నో చుట్టు? నాలుగా, ఐదా. ఐదు. ఎవరికీ చెప్పని మాట ఒకటుంది స్వామీ, నీ చుట్టూ ఇన్నిసార్లు తిప్పించుకున్నావు కాబట్టి చెబుతున్నాను. ఆ పని నాకు బాగుంది. దుప్పటి దులిపి పరిచి, మూల మడిచి, పరుపు కిందికి తోసి, అరచేత్తో ఒక్కసారి రాసినప్పుడు గుడ్డ నున్నగా సాగుతుంది చూడు, అప్పుడు నా ఒళ్ళు కుదుటపడింది. మంగరాజు పక్కన సముద్రం ఒడ్డున కూర్చున్నప్పుడు కుదుటపడలేదు. ఏం మాట్లాడాలో తెలియక ఇద్దరం అలల వంక చూసి, ప్రసన్న తిందో లేదో అన్నాను నేను, తినే ఉంటాది అన్నాడాయన, అయిపోయింది మాట. చీపురు దగ్గర నాకు మాటలక్కర్లేదు. ఒక పిల్ల, తెల్లపిల్ల, మా ఎదురు పడకలో జ్వరంతో పడుంది, వెంట ఎవరూ లేరు, వంటగదిలో బియ్యం దొరికితే గంజి కాచి ఉప్పేసి తాగించాను. రెండో రోజుకి లేచి కూర్చుని నన్ను కావలించుకుంది. చెమట వాసన, జ్వరం వాసన, ఆ ఎముకలు. దసరాకి ఇంటికొచ్చిన దగ్గర్నుంచి నన్ను ఒక మనిషి పట్టుకోవడం అదే. ఆ పిల్ల భుజం మీద ఏడ్చేశాను, ఆ పిల్లా ఏడ్చింది, ఎందుకో ఇద్దరికీ తెలియదు. అప్పుడు ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు. చూశాడు. వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రమే ఆ ఫోటో. పొద్దుగుంకేటప్పుడు చెయ్యి చెయ్యి పట్టుకుని తీయించుకోవాలని ఆ ఫోను జంట చెప్పారట. ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు, వేళ్ళు బిర్రబిగుసుకుని ఉన్నాయి, తడిగా, నావీ అలాగే ఉండి ఉంటాయి. దారినపోయే వాణ్ణెవణ్ణో ఆపి ఫోను ఇచ్చాడు. వాడు బొటనవేలు చూపించగానే చెయ్యి వదిలేశాడు. ఆ క్షణాన్నే. ఇప్పుడు ఆ ఫోటో మా హాల్లో, తలుపంత పెద్దది, అద్దం కట్టించి. వచ్చినవాళ్ళంతా దాని కింద కూర్చుని కాఫీ తాగి, ఎంత ముచ్చటైన జంటో అని వెళ్తారు. సరోజిని వదిన దిష్టి తీసింది దానికి. మాకు కాదు, ఫోటోకి. తిరిగొచ్చినప్పట్నుంచి ఆయన మరీ మర్యాదగా ఉంటున్నాడు, నేను గదిలోకి వస్తే లేచి నిలబడుతున్నాడు, ఒకసారి అన్నం తింటూ "ఇంకొంచెం వేసుకోండి" అన్నాడు నాతో, అనేసి తనే ఉలిక్కిపడ్డాడు.

ఫోను మోగుతోంది. ఆయన జేబులోదే, వెంకన్న పాటే పెట్టుకున్నాడు, గుళ్ళో మోగినా ఎవరూ తిట్టుకోకుండా. వరసలోంచి పక్కకి తప్పుకుని స్తంభం చాటుకి వెళ్ళి, "ఆయ్, గోపీకృష్ణగారూ, ఆయ్... అయిపోవచ్చిందండీ... చెబుతాదండీ, ఎందుకు చెప్పదూ..." నేను ఆగలేదు. జనం ఆగనివ్వరు కూడా. ముందు వీపు లేదు. ఏడు శనివారాల్లో మొదటిసారి ముందు ఎవరో పసుపు చీరావిడ జడ, ఆమె జడలో కనకాంబరాలు, అవతల గోదావరి గాలికి ఊగుతున్న చలువ పందిరి గుడ్డ. గాలి ఎంత బాగుంది. ఈ గాలి పొద్దుట్నుంచీ వీస్తోందా? చెప్పేస్తాను, వెళ్తానని చెప్పేస్తాను, ముగ్గురే మనుషులు, పని తేలిక, నా చేతులకి తెలిసిన పని, అక్కడ ఎవరి డబ్బా ఎక్కడుండాలో నేనే చెబుతాను, నెలకోసారి ప్రసన్న ఫోనులో నవ్వుతుంది, ఫోనులో ఐతే నువ్వు అంటుంది, అదేమిటో, ఫోనులో ఎప్పుడూ నువ్వు అనే అంది. వెళ్ళిపోవడం ఎంత తేలిక. వెళ్ళడమే తెలుసు నాకు. ఉండడం ఎవరూ నేర్పలేదు. ఆ ఆలోచన వచ్చేసరికి భయం వేసింది, నిజమైన భయం, ఆ చలి గదిలో కూడా వెయ్యలేదు ఇంత. ఇంకో రెండేళ్ళు వెళ్ళొస్తే ఆ ఇంట్లో నాకు ఆ మంచం చివర కూడా ఉండదు. ప్రసన్న పెళ్ళికి నన్ను పీటల మీద కూర్చోబెడతారు, అతిథిని కూర్చోబెట్టినట్టు. కోపం వచ్చేసింది మళ్ళీ, ఈసారి బాగుంది, వేడిగా ఉంది. వెళ్ళను. నేను ఎందుకు వెళ్ళాలి?

తిరిగొచ్చేసరికి ఆయన స్తంభం దగ్గరే నిలబడి ఉన్నాడు, ఫోను చేతిలోనే ఉంది. ఎండకి మొహం నల్లబడిపోయింది. ముసలివాడైపోయాడు, నేను ఎప్పుడూ చూడలేదు, కణతల దగ్గరంతా తెలుపు. వరసలోంచి నేనూ పక్కకి వచ్చాను.

"ఏడయ్యేయా?" అన్నాడు.

"నాకు ఆరు. మీకు ఎన్నైనా అవ్వొచ్చు."

"సర్లే. ఏమంటావే మరి? ఆయన కాచుక్కూచున్నారు."

"ఎందుకు పంపుతున్నారండి నన్ను?" గొంతు పెరిగింది, పెరగనీ. "ఇల్లు కట్టేశాం. తోట కాస్తోంది. పిల్ల చదువుకి సరిపడా ఉంది. ఇంకా ఏం తక్కువైందని?"

"అందరూ వెళ్ళట్లేదా..."

"అందరి సంగతి నేను అడగలేదు. ఒక్కసారైనా నిజం చెప్పండి, స్వామి ముందున్నారు."

ఆయన కండువా తీసి మొహం తుడుచుకున్నాడు. తుడుచుకున్న మొహమే మళ్ళీ తుడుచుకున్నాడు. జనం మమ్మల్ని రాసుకుంటూ పోతున్నారు, గోవిందా అంటున్నారు, ఈసారి ఆయన అనలేదు.

"తిడతావు," అన్నాడు.

"తిడతాను. చెప్పండి."

"నువ్వింట్లో ఉంటే నాకు చుట్టాలొచ్చినట్టుంటాదే అమ్మాజీ." నా వంక చూడకుండా, కాళ్ళ దగ్గర నీళ్ళ మడుగు వంక చూస్తూ చెబుతున్నాడు. "ఎప్పుడెళ్తారా అని కాచుక్కూచున్నట్టుంటాది. ఎలా కూచోవాలో, ఏం మాట్లాడాలో తెలీదు. నా ఇంట్లో నాకే ఊపిరాడదు. ఫోనులో బాగుండేది కదా మనకి? ఎంత మాట్లాడుకునేవాళ్ళం. పై దేశం తీసుకెళ్తే కలుస్తామేమో అనుకున్నాను, అందుకే తీసుకెళ్ళేను. అక్కడా అంతే. నువ్వా తెల్లపిల్లని పట్టుకుని ఏడ్చేవు. ఫోనులో తప్ప నా దగ్గర ఎప్పుడూ ఏడవలేదు. తప్పేనే. తప్పని తెలుసు. నువ్వెళ్తే మళ్ళీ ఫోనులో..."

కొట్టాలనిపించింది. నిజంగా, ఇంతమందిలో, ఆ చెంప మీద. ఎందుకంటే ఆయన అన్న ప్రతి మాటా నాది. నాకూ ఆయన చుట్టమే. నాకూ ఊపిరాడదు. నేను నా కోపంలో దాచుకున్నదంతా ఆయన ఆ మడుగు పక్కన నిలబడి మెత్తగా చెప్పేశాడు, చెప్పి, దానికి మందు నన్ను పంపించెయ్యడమే అన్నాడు. ఇద్దరికీ ఒకటే రోగం, విమానం మాత్రం నేనే ఎక్కాలి.

ఫోను మళ్ళీ మోగింది. ఆయన నా వంక చూశాడు.

"ఎత్తండి," అన్నాను. "రాదని చెప్పండి."

"అమ్మాజీ..."

"నాకూ అలాగే ఉందండి. మిమ్మల్ని చూస్తే నాకూ ఎవరో పరాయి మగాడి ఇంట్లో ఉన్నట్టుంది. అయినా వెళ్ళను. మీరు తిట్టినా వెళ్ళను, బతిమాలినా వెళ్ళను. అలవాటు చేసుకోండి."

"అవకపోతేనో?" అన్నాడు. గొంతులో వెటకారం లేదు, నిజంగానే అడుగుతున్నాడు, దారి తెలియని మనిషి అడిగినట్టు.

"అవకపోయినా ఉంటాను," అన్నాను.